చర్మం ఊడిపోతున్న నాన్నకు రోగనిరోధక శక్తిని అణిచే మందు ఇస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

సోంపేట_అబ్బాయి
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది సోంపేట దగ్గర పల్లె. నాన్నకు యాభై ఎనిమిదేళ్లు, కొబ్బరి తోట చూసుకుంటారు. ఉద్దానంలో ఎందరికో ఉన్నట్టే ఆయనకూ కిడ్నీ జబ్బు ఉంది. క్రియాటినిన్ (కిడ్నీ ఎంత బలహీనపడితే రక్తంలో అంత పెరిగేది) 2.8 దగ్గర ఉంటోంది, డయాలసిస్ దాకా రాలేదు. రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉందని అల్లోప్యూరినాల్ 300 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. మూడు వారాలు వాడేసరికి జ్వరం, గొంతు నొప్పి, కళ్ల మంట మొదలయ్యాయి. తరువాత నోటి నిండా పుండ్లు, ఛాతీ మీద ముదురు ఎరుపు మచ్చలు. అమ్మవారు పోసిందనుకుని ఇంటికి వేపమండలు కట్టి ఆయనను విడిగా పడుకోబెట్టారు. మాత్ర మాత్రం ఆగలేదు.

ఇప్పుడు విశాఖలో ఒక ఆసుపత్రి ఐసీయూలో ఉన్నారు. పక్కకు తిప్పితే వీపు మీద చర్మం పొరలా జారిపోతోంది. ఒంట్లో పావు వంతు చర్మం పోయిందని, ఇది మందు పడక చర్మం ఊడిపోయే జబ్బు అని, స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్‌కూ అంతకంటే తీవ్రమైన టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలైసిస్‌కూ మధ్య దశ అని చెప్పారు. స్టెరాయిడ్, సైక్లోస్పోరిన్, ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను నరంలోకి ఎక్కించడం) అని మూడు పేర్లు చెప్పి, వీటిలో ఒకటి మొదలుపెట్టాలి, సంతకం చేయండి అంటున్నారు.

నాకు అంతుపట్టనిది ఒక్కటే. చర్మం లేని మనిషికి ఇన్ఫెక్షనే ప్రాణం తీస్తుందని వాళ్లే చెబుతున్నారు. మరి రోగనిరోధక శక్తిని అణిచే మందు ఎందుకు? ఉదయానికల్లా ఏదో ఒకటి చెప్పాలి.


ఆమదాలవలస_పెద్దాయన
సోమవారం, రాత్రి 9:58

బాబూ, తొందరపడి సంతకం చేయకు. మా బంధువు ఒకాయన ఆయాసానికని ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగాడు. షుగరు వచ్చింది, తుంటి ఎముక దెబ్బతింది. సైక్లోస్పోరిన్ కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడే మందు, అది కిడ్నీకే చెరుపు చేస్తుందని అందరూ అంటారు. అసలే మీ నాన్నది దెబ్బతిన్న కిడ్నీ. ఒకసారి ఇంకో ఆసుపత్రిలో చూపించి అడగండి. పుండ్ల మీద పసుపు, వేపాకు నూరి పూస్తే చల్లబడతాయి, మా చిన్నతనంలో అదే వైద్యం.


విజయనగరం_చర్మవైద్యురాలు
సోమవారం, రాత్రి 10:25

బాబూ, ముందు ఒక పని చేయండి. గత రెండు నెలల్లో నాన్నగారు మింగిన ప్రతి మాత్ర, వేయించుకున్న ప్రతి ఇంజెక్షన్ వివరం ఐసీయూ డాక్టర్లకు చేరాలి. జ్వరం వచ్చాక ఊళ్లో ఆర్‌ఎంపీ ఏమి ఇచ్చాడో అది కూడా. అల్లోప్యూరినాల్ ఆగిపోయిందో లేదో మీరే అడిగి నిర్ధారించుకోండి. ఈ జబ్బుకు మొదటి చికిత్స కారణమైన మందును ఆపడమే. ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోయే మందులైతే, ఒక్కో రోజు ముందుగా ఆపినకొద్దీ ప్రాణాపాయం సుమారు 30 శాతం చొప్పున తగ్గుతుందని 2000లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. అల్లోప్యూరినాల్ విషయంలో చిక్కు ఏమిటంటే, అది ఒంట్లో ఆక్సిప్యూరినాల్‌గా మారుతుంది. దాన్ని బయటికి పంపవలసింది కిడ్నీలే. కిడ్నీ బలహీనంగా ఉంటే అది చాలా రోజులు నిలిచిపోతుంది. కాబట్టి మాత్ర ఆపిన తరువాత కూడా కొత్త చోట్ల చర్మం ఊడితే చికిత్స తప్పిందని అనుకోకండి.

ఇక మీ ప్రశ్న. నాన్నగారి చర్మాన్ని చంపుతున్నది సూక్ష్మజీవి కాదు. ఆ మందు కారణంగా రెచ్చిపోయిన ఆయన సొంత టి కణాలు (రోగనిరోధక తెల్లకణాల్లో ఒక రకం) చర్మకణాల మీద పడుతున్నాయి. అవి వదిలే గ్రాన్యులైసిన్ అనే ప్రోటీన్ పొక్కుల నీటిలో విపరీతంగా ఉంటుందని, చర్మకణాలను చంపడంలో దానిదే పెద్దచేయి అని 2008లో తైవాన్ పరిశోధకులు చూపించారు. ఈ దాడి సాధారణంగా కొన్ని రోజులపాటు ఉధృతంగా నడిచి ఆగుతుంది. ఆ కొన్ని రోజుల్లో ఎంత చర్మం పోతే సూక్ష్మజీవులకు అంత దారి తెరుచుకుంటుంది. దాడిని ముందే ఆపగలిగితే ఆ దారి చిన్నదవుతుంది. రోగనిరోధక శక్తిని అణిచే మందు ఇచ్చేది ఇందుకే, అదీ మొదటి రోజుల్లోనే, కొద్దికాలమే. చర్మం ఊడటం పూర్తిగా ఆగిపోయాక అదే మందు ఇస్తే మిగిలేది ఇన్ఫెక్షన్ ప్రమాదం ఒక్కటే.

పెద్దాయన గారూ, మీ బంధువు విషయంలో మీరు చెప్పినది నిజమే. అయితే ఏళ్ల తరబడి రోజూ మింగిన స్టెరాయిడ్ వేరు, వారం పది రోజుల్లో తగ్గించి ఆపేసే స్టెరాయిడ్ వేరు. షుగరు, రక్తపోటు రెండింటిలోనూ చూసుకోవాలి కానీ ఎముక దెబ్బతినడం లాంటి భయాలు ఇక్కడ ముందుకు రావు. ఈ స్థితిలో రోగిని ఇంకో ఆసుపత్రికి తిప్పడం మాత్రం ప్రమాదం. ఇప్పుడున్న చోట ఐసీయూ, చర్మవైద్యులు, కంటివైద్యులు ఉంటే కదల్చవద్దు.


ఐసీయూ_సిస్టర్
సోమవారం, రాత్రి 11:10

నేను కాలిన గాయాల విభాగంలో పనిచేసే నర్సును. ఇలాంటి రోగులు మా దగ్గరికి వస్తుంటారు. పసుపు, వేపాకు, కొబ్బరినూనె ఏదీ పూయవద్దు. అమ్మ గారు ఇంటి నుంచి తెచ్చినా ఐసీయూ బయటే ఉంచండి. పై చర్మం లేనప్పుడు పూసిన ప్రతి వస్తువూ నేరుగా లోపలి పొర మీద పడుతుంది.

ఇంకో మాట. కాలిన గాయాలకు మందుల షాపులో అడగగానే ఇచ్చే తెల్లటి సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీము ఉంటుంది. అది సల్ఫా మందు. ఈ జబ్బు తెచ్చే మందుల్లో సల్ఫా జాతి ముందువరుసలో ఉంటుంది కాబట్టి దాన్ని సాధారణంగా దూరంగా పెడతాం. చూడటానికి కాలిన గాయంలా ఉంటుంది కనుక ఇంటివాళ్లు మొదట కొనేది అదే.

మీరు లోపలికి వెళ్లినప్పుడు గమనించవలసినవి చెబుతాను. గది వెచ్చగా ఉండాలి, 28 నుంచి 32 డిగ్రీల మధ్య. చర్మం లేనివారు వేడిని నిలుపుకోలేరు, చల్లటి ఏసీ గదిలో వణికిపోతారు. ఒంటికి ఎక్కడా అంటుకునే ప్లాస్టర్ వేయకూడదు. తీసేటప్పుడు దానితోపాటు ఉన్న చర్మం కూడా వస్తుంది. పొక్కుల పైపొరను తుంచకూడదు, అది కింది పొరకు కప్పుగా ఉపయోగపడుతుంది. వ్యాసలిన్ పూసిన గాజుగుడ్డ వేస్తారు. మన దేశంలో కొన్ని చర్మవ్యాధుల వార్డుల్లో శుద్ధి చేసిన అరటి ఆకుల మీద పడుకోబెడతారు. అది నాటువైద్యం అనుకోకండి, ఆకు పుండుకు అంటుకోదు, తిప్పినప్పుడు నొప్పి తక్కువ. నోటితో మింగలేరు కనుక ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇస్తారు. దానికి వద్దనకండి. పోయిన చర్మం తిరిగి రావాలంటే తిండి పడాలి.

యాంటీబయాటిక్ ఎందుకు ఇవ్వడం లేదని చాలామంది మాతో గొడవపడతారు. పుండు నుంచి, రక్తం నుంచి నమూనా పంపి, ఇన్ఫెక్షన్ కనిపిస్తేనే ఇస్తాం. ముందుజాగ్రత్త పేరుతో ఇంకో మందు చేర్చకూడదు.


అత్యవసర_వైద్యుడు
మంగళవారం, ఉదయం 6:15

డాక్టరమ్మ గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. ఒక్క విషయంలో మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. అణిచే మందు ఇస్తే దాడి ఆగుతుందని అంత ధీమాగా చెప్పడం సరికాదు. ఈ జబ్బు చరిత్రలో ఒక చేదు పాఠం ఉంది. టీఎన్‌ఎఫ్ అనే రసాయనం ఈ జబ్బులో పెరుగుతుంది, థాలిడోమైడ్ దాన్ని తగ్గిస్తుంది, కాబట్టి థాలిడోమైడ్ పనిచేయాలి అని ఫ్రాన్స్‌లో ప్రయోగం చేశారు. 1998లో ఫలితం ప్రచురించారు. థాలిడోమైడ్ ఇచ్చిన 12 మందిలో 10 మంది చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన 10 మందిలో 3 చనిపోయారు. ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆలోచన ఎంతో సహేతుకంగా కనిపించింది, రోగులు మాత్రం బతకలేదు.

స్టెరాయిడ్ సంగతీ అంతే. 1986లో అమెరికాలోని ఒక కాలిన గాయాల కేంద్రం తమ రోగుల లెక్క వేసింది. స్టెరాయిడ్ వాడినవారిలో మూడింట ఒక వంతు, వాడనివారిలో మూడింట రెండు వంతులు బతికారు. రెండు గుంపుల్లోనూ పదిహేను మంది చొప్పునే, అవి వేర్వేరు కాలాల రోగులు కూడా, కాబట్టి దాన్నే పట్టుకుని వేలాడలేం. అయినా నా పాతికేళ్ల ఐసీయూ అనుభవంలో మనిషిని నిలబెట్టేది ద్రవాలు, వెచ్చని గది, ఆహారం, నొప్పి తగ్గించడం, కళ్ల సంరక్షణ, ఇన్ఫెక్షన్‌ను ముందే పసిగట్టడం. మందు వాటి తరువాతిదే. కుటుంబసభ్యులు ఏ మందు ఇస్తున్నారని అడిగే ముందు ఈ సంరక్షణ దొరుకుతోందా అని అడగాలి.


విజయనగరం_చర్మవైద్యురాలు
మంగళవారం, ఉదయం 7:05

డాక్టరు గారూ, థాలిడోమైడ్ ప్రయోగాన్ని గుర్తుచేసినందుకు సంతోషం. సంరక్షణ ముందు, మందు తరువాత అన్నదానికి నేనూ కట్టుబడి ఉన్నాను. అయితే ఆ ప్రయోగాలు అయిపోయి చాలా ఏళ్లయింది. 2010లో ఫ్రాన్స్‌లోనే 29 మందికి రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల సైక్లోస్పోరిన్ పదిరోజులు ఇచ్చి, తరువాత క్రమంగా తగ్గించారు. వాళ్ల తీవ్రతను బట్టి ఇద్దరు ముగ్గురు చనిపోతారని అంచనా. ఒక్కరూ చనిపోలేదు. పోల్చడానికి రెండో గుంపు లేదు కాబట్టి అది తుది తీర్పు కాదు, ఒప్పుకుంటాను. 2018లో తైవాన్‌లో ఎటనర్సెప్ట్‌ను స్టెరాయిడ్‌తో పోల్చారు, 96 మందిని చీటీల పద్ధతిలో రెండు గుంపులుగా చేశారు. ఎటనర్సెప్ట్ గుంపులో 17.7 శాతం మరణాలు ఉండవచ్చని అంచనా వేస్తే 8.3 శాతమే జరిగాయి. చర్మం మానడం కూడా తొందరగా జరిగింది. థాలిడోమైడ్ లాగే ఎటనర్సెప్ట్ కూడా టీఎన్‌ఎఫ్‌కు అడ్డుపడే మందే. ఒకటి ముంచింది, ఇంకొకటి ఆశ చూపిస్తోంది. కాబట్టి సిద్ధాంతం ఒక్కటే చూసి మందును మెచ్చుకోలేం, తోసిపుచ్చలేం.

మన దేశపు చర్మవైద్యుల సంఘం 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు స్టెరాయిడ్‌ను తొలి రోజుల్లోనే మొదలుపెట్టి వారం పది రోజుల్లో తగ్గించి ఆపమంటాయి. సైక్లోస్పోరిన్‌ను విడిగా కానీ స్టెరాయిడ్‌తో కలిపి కానీ పది నుంచి పద్నాలుగు రోజులు ఇవ్వవచ్చంటాయి. యూరప్‌లో చాలామంది ఏమీ ఇవ్వకుండా సంరక్షణ మీదే ఆధారపడతారు. ప్రపంచమంతా ఒక్కమాట మీద లేదు. సోంపేట బాబుకు ఇది తెలియాలి. మీ డాక్టర్లు మూడు పేర్లు చెప్పారంటే తెలియక కాదు.

మీ నాన్నగారి విషయంలో మొగ్గు నిర్ణయించేది కిడ్నీ. సైక్లోస్పోరిన్ కిడ్నీకి రక్తప్రసారాన్ని తగ్గిస్తుంది. క్రియాటినిన్ 2.8 ఉండి, చర్మం ద్వారా నీరు కోల్పోతున్న మనిషికి ఇవ్వాలంటే చాలా ఆలోచించాలి. పెద్దాయన గారి భయం ఈ ఒక్కచోట సరైనదే. ఐవీఐజీ కూడా కిడ్నీకి పూర్తిగా సురక్షితం కాదు, ఖర్చు లక్షల్లో ఉంటుంది, దాని వల్ల మేలు జరిగిందని చెప్పే ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఎటనర్సెప్ట్ కిడ్నీని దెబ్బతీసే మందు కాదు. చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్, ఒకటో రెండో మోతాదులు. మన దగ్గర దానికి అడ్డు క్షయ. పాత క్షయ ఏమైనా ఉందేమో ఛాతీ ఎక్స్‌రే, పరీక్షలు చూస్తారు. ఉదయం డాక్టరును ఈ రెండు ప్రశ్నలు అడగండి: ఈ రోజు క్రియాటినిన్ ఎంత? కిడ్నీ దృష్ట్యా ఎటనర్సెప్ట్‌ను పరిశీలించారా? నిర్ణయం వాళ్లది. రోగిని చూస్తున్నది వాళ్లు, నేను కాదు.


సోంపేట_అబ్బాయి
మంగళవారం, ఉదయం 7:30

ఇద్దరు డాక్టర్లకూ చేతులెత్తి నమస్కారం. రాత్రంతా మా అమ్మకు ఏమి చెప్పాలో తెలియలేదు. ఒక మాట దాచకుండా చెప్పండి. ఆసుపత్రిలో స్కోరు 3 అన్నారు. అంటే ఏమిటి?


అత్యవసర_వైద్యుడు
మంగళవారం, ఉదయం 7:50

స్కార్టెన్ అనే లెక్క అది. 2000లో వచ్చింది. వయసు నలభై దాటడం, క్యాన్సర్ ఉండటం, గుండె నిమిషానికి 120 సార్లకు మించి కొట్టుకోవడం, పది శాతానికి మించి చర్మం ఊడటం, రక్తంలో యూరియా, చక్కెర బాగా పెరగడం, బైకార్బొనేట్ తగ్గడం. ఈ ఏడింటిలో ఎన్ని ఉంటే అంత స్కోరు. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను: 3 వచ్చినవారిలో ముప్పై అయిదు శాతం మంది చనిపోతారని మొదటి లెక్క. అంటే ముగ్గురిలో ఇద్దరు బతుకుతారు. మీ నాన్నగారికి యూరియా పెరిగింది ఈ జబ్బు వల్లనే కాకపోవచ్చు, పాత కిడ్నీ జబ్బు వల్ల ముందే ఎక్కువగా ఉండి ఉంటుంది. కాబట్టి ఆ సంఖ్యను ఆయన మీద అతికించి చూడకండి. అమ్మగారికి చెప్పేటప్పుడు సంఖ్య చెప్పనవసరం లేదు. జబ్బు పెద్దదని, వైద్యం అందుతోందని చెప్పండి. అది నిజం.


చీపురుపల్లి_టీచరమ్మ
మంగళవారం, మధ్యాహ్నం 1:20

తమ్ముడూ, ధైర్యంగా ఉండు. నాకు మూర్ఛకు ఇచ్చిన కార్బమజెపైన్ వల్ల ఇదే జబ్బు వచ్చింది. స్టెరాయిడ్‌తో మొదలుపెట్టి సైక్లోస్పోరిన్ కూడా ఇచ్చారు. చర్మం తిరిగి వచ్చింది, కొన్నాళ్లు తెలుపూ నలుపూ మచ్చలతో ఉండి అవీ చాలావరకు కలిసిపోయాయి. గోళ్లు ఊడి మళ్లీ మొలిచాయి.

నన్ను ఈ రోజుకూ బాధిస్తున్నవి కళ్లు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు కళ్లు అతుక్కుపోతే చర్మం తగ్గితే అవే తగ్గుతాయని అందరం అనుకున్నాం. తరువాత రెప్పవెంట్రుకలు లోపలికి తిరిగి గుచ్చుకోవడం మొదలైంది, కన్నీరు ఎండిపోయింది. విశాఖ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపించుకున్నాను. అక్కడి నుంచి హైదరాబాదు పంపి కంటిగుడ్డు మీద నీటిని నిలిపి ఉంచే పెద్ద లెన్స్ పెట్టారు. ఇప్పుడు పిల్లల నోటు పుస్తకాలు దిద్దగలుగుతున్నాను. నాన్నగారిని కంటిడాక్టరు రోజూ చూస్తున్నారా అని అడుగు. రోజూ చూడాలి. అవసరమైతే మొదటి వారంలోనే కంటి మీద ఉమ్మనీటి పొర (కడుపులో బిడ్డను చుట్టి ఉండే ఉమ్మనీటి సంచి పలుచని పొర) పరుస్తారట, దాని వల్ల చూపు నిలుస్తుందని నాకు తరువాత చెప్పారు. చర్మానికి ఇచ్చే మందు ఏదైనా కళ్లను విడిగా కాపాడుకోవలసిందే.


విజయనగరం_చర్మవైద్యురాలు
మంగళవారం, మధ్యాహ్నం 2:05

టీచరమ్మ గారు చెప్పిన కంటి మాట ప్రతి అక్షరం నిజం. ఉమ్మనీటి పొర అతికించవలసి వస్తే తొలి రోజుల్లోనే జరగాలి, ఆలస్యమైతే మచ్చ కట్టేస్తుంది. మేడమ్, మీరు ఫెనిటాయిన్, ఫెనోబార్బిటాల్ కూడా వాడకూడదు, ఒకే రకం నిర్మాణం ఉన్న మందులు అవి. కార్బమజెపైన్‌కు హెచ్‌ఎల్‌ఏ బి 1502 అనే జన్యువుతో సంబంధం ఉందని 2004లో తైవాన్‌లో బయటపడింది. 2007 నుంచి అమెరికా ఔషధ సంస్థ ఆసియా మూలాలున్నవారికి ఆ మందు మొదలుపెట్టే ముందే పరీక్ష చేయమంటోంది. అల్లోప్యూరినాల్‌కు అలాంటిది బి 5801.


సోంపేట_అబ్బాయి
గురువారం, రాత్రి 8:15

మంగళవారం ఉదయం డాక్టరును మీరు చెప్పిన రెండు ప్రశ్నలే అడిగాను. క్రియాటినిన్ 3.6కు పెరిగింది. వాళ్లు కూడా ఆ ఆలోచనలోనే ఉన్నారట. ఎక్స్‌రే చూసి ఎటనర్సెప్ట్ ఇంజెక్షన్ ఇచ్చారు, స్టెరాయిడ్ కొద్ది మోతాదులో కలిపారు. నిన్నటి నుంచి కొత్త చోట పొక్కు రాలేదు. కంటిడాక్టరు రోజూ వస్తున్నారు. గది వెచ్చగానే ఉంచారు, సిస్టర్ గారు చెప్పినవన్నీ చూసుకున్నాను. అమ్మ ఈ రోజు మొదటిసారి అన్నం తిన్నది.

ఆరోగ్యశ్రీలో ఎంతవరకు వస్తుందో ఆరోగ్యమిత్రను అడిగితే కాగితాలు తీసుకున్నారు. ఇంజెక్షన్ డబ్బు మేమే కట్టాం.


అత్యవసర_వైద్యుడు
గురువారం, రాత్రి 9:00

మంచి వార్త. అయితే ఇప్పటి నుంచి వచ్చే రెండు వారాలు ఇన్ఫెక్షన్‌ను కనిపెట్టి చూసుకోవలసిన కాలం. చర్మం ఊడటం ఆగాక ఎక్కువమంది చనిపోయేది రక్తంలో ఇన్ఫెక్షన్ వల్లనే. స్టెరాయిడ్ మీద ఉన్నప్పుడు జ్వరం పైకి కనిపించకపోవచ్చు. మనిషి మందకొడిగా మారినా, ఒళ్లు చల్లబడినా, మూత్రం తగ్గినా వెంటనే సిస్టర్‌కు చెప్పండి. వచ్చి చూసేవారిని తగ్గించండి. ఊరి నుంచి బంధువులంతా ఐసీయూకు రావడం ప్రేమే కానీ ఆయనకు మంచిది కాదు.


పలాస_ఫార్మసిస్ట్
శుక్రవారం, ఉదయం 10:40

ఈ చర్చ చదివి నిద్రపట్టలేదు. మా షాపుకు రోజూ అల్లోప్యూరినాల్ చీటీలు వస్తాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్నవారిలో యూరిక్ యాసిడ్ పెరగడం మామూలే, ఎందుకంటే దాన్ని బయటికి పంపవలసింది కూడా కిడ్నీయే. కీళ్లవాతం లేకుండా కేవలం రిపోర్టులో సంఖ్య చూసి ఈ మాత్ర రాయడం సరైనదేనా? రాసినా మొదటి రోజే 300 ఎందుకు? డాక్టర్లు చెప్పాలి.

సైక్లోస్పోరిన్ మీద ఉన్నవారి ఇంటివాళ్లకు ఒక మాట. ఉద్దానంలో కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి కూడా ఇది వర్తిస్తుంది. పెరట్లో కాసే పంపర పనస తినకూడదు. ఆ రసం సైక్లోస్పోరిన్‌ను రక్తంలో పెంచుతుందని 2006లో పరీక్షించి చూశారు. క్లారిత్రోమైసిన్, ఫ్లుకొనజోల్ కూడా పెంచుతాయి. ఫెనిటాయిన్ తగ్గిస్తుంది. షాపులో ఏ మందు కొన్నా ముందు ఈ సంగతి చెప్పండి.

ఇలాంటి దుష్ఫలితాన్ని ప్రభుత్వానికి తెలియజేయవచ్చు. ఘజియాబాద్‌లోని ఫార్మకోపియా కమిషన్ 2010 నుంచి జరిగే ఔషధ భద్రతా కార్యక్రమాన్ని నడుపుతోంది. ఉచిత ఫోను నంబరు 1800-180-3024. రోగి కూడా చెప్పవచ్చు, డాక్టరే చెప్పనక్కరలేదు. నొప్పులకు వాడే మెఫెనమిక్ యాసిడ్ మాత్ర వల్ల డ్రెస్ సిండ్రోమ్ (మందు పడక దద్దుర్లతోపాటు లోపలి అవయవాలు వాచే జబ్బు) వస్తోందని 2023 చివర్లో హెచ్చరిక వచ్చింది ఇలా చేరిన సమాచారం నుంచే. మన జిల్లా నుంచి ఎన్ని చేరుతున్నాయన్నది మన చేతుల్లోనే ఉంది.


విజయనగరం_చర్మవైద్యురాలు
శుక్రవారం, మధ్యాహ్నం 12:30

ఫార్మసిస్ట్ గారూ, సరైన చోట వేలు పెట్టారు. కీళ్లవాతం, యూరిక్ యాసిడ్ రాళ్లు లేనివారికి కేవలం సంఖ్య కోసం అల్లోప్యూరినాల్ అవసరం లేదన్నదే ఇప్పటి మార్గదర్శకాల ధోరణి. అది కిడ్నీ జబ్బును నెమ్మదింపజేస్తుందని ఒకప్పుడు ఆశ ఉండేది. 2020లో వచ్చిన రెండు పెద్ద ప్రయోగాల్లో అలాంటి ప్రయోజనం కనబడలేదు. నిజంగా అవసరమైనవారికి కూడా కిడ్నీ బలహీనంగా ఉంటే 100కు మించకుండా, వీలైతే 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టడం ఈ చర్మ జబ్బు ప్రమాదాన్ని పెంచుతుంది. లేని అవసరానికి మింగిన మాత్ర వల్ల చర్మం పోగొట్టుకున్న మనిషిని చూసిన ప్రతిసారీ నాకు దుఃఖం వస్తుంది.


బొబ్బిలి_వాసి
ఆదివారం, సాయంత్రం 5:50

ఇక్కడ వారం పది రోజుల్లో స్టెరాయిడ్ ఆపాలంటున్నారు. మా అన్నయ్యకు కుష్ఠు చికిత్సలో డాప్సోన్ వాడుతుండగా నెల దాటాక జ్వరం, ముఖం వాపు, ఒళ్లంతా దద్దుర్లు, కామెర్లు వచ్చాయి. స్టెరాయిడ్ ఇస్తే బాగా తగ్గింది. ఇంటికి వచ్చాక దద్దుర్లు పోయాయి కదా అని అన్నయ్య మాత్రలు మానేశాడు. మళ్లీ తిరగబెట్టింది, ఈసారి కాలేయం ఇంకా దెబ్బతింది. అప్పుడు డాక్టర్లు నెలల తరబడి తగ్గిస్తూ ఇచ్చారు. ఏది నిజం?


విజయనగరం_చర్మవైద్యురాలు
ఆదివారం, రాత్రి 7:15

రెండూ నిజమే, రెండు వేర్వేరు జబ్బులు. మీ అన్నయ్యది డ్రెస్ జాతికి చెందినది. అక్కడ చర్మం ఊడటం ముఖ్యం కాదు, లోపల కాలేయం, కిడ్నీ, గుండె వాచిపోతాయి. రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు పెరుగుతాయి. దాడి వారాల తరబడి పొగలా లోపల ఉండిపోతుంది, స్టెరాయిడ్ తొందరగా తీసేస్తే మళ్లీ అంటుకుంటుంది. అందుకే కిలో బరువుకు ఒక మిల్లీగ్రాము దగ్గర మొదలుపెట్టి వారాలు, నెలలు పట్టి దించుతారు. సోంపేట బాబు నాన్నగారిది ఉధృతంగా వచ్చి కొద్దిరోజుల్లో ఆగే జబ్బు. అక్కడ మందు కొద్దిరోజులే. స్టెరాయిడ్ చీటీ చేతికి వచ్చినప్పుడు ఏ రోజు ఎంత, ఎప్పుడు ఆపాలి అని రాయించుకోండి. ఒకరి చీటీ చూసి ఇంకొకరు మానడం కానీ కొనసాగించడం కానీ చేయకూడదు. డాప్సోన్ పడనివారికి కుష్ఠు చికిత్సను వేరే మందులతో పూర్తిచేస్తారు, అన్నయ్యగారి చికిత్స మధ్యలో ఆగిపోకుండా చూడండి.


నిర్వాహకులు
సోమవారం, ఉదయం 9:00

ఇక్కడి సమాచారం చదివి ఎవరూ డాక్టరును అడగకుండా మందు మొదలుపెట్టవద్దు, వాడుతున్నది మానవద్దు. ఒక్క మినహాయింపు డాక్టర్లే చెప్పారు, దాన్ని పైకి తెస్తున్నాం. కొత్త మందు మొదలుపెట్టిన రెండు నెలల్లోపు జ్వరంతోపాటు నోటి పుండ్లు, కళ్ల మంట, ముట్టుకుంటే నొప్పిపుట్టే ఎర్రని చర్మం కనిపిస్తే ఆ మందును తరువాతి మోతాదు వేయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. అమ్మవారు పోసిందని ఇంట్లో ఉంచవద్దు. 108కు ఫోను చేయండి.


సోంపేట_అబ్బాయి
తరువాతి నెల, శనివారం, సాయంత్రం 6:30

నాన్న ఇంటికి వచ్చారు. మధ్యలో రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చి చాలా భయపెట్టింది. డాక్టరు గారు ముందే హెచ్చరించడం వల్ల ఆయన మగతగా ఉండటం చూసి వెంటనే చెప్పగలిగాం. రెండుసార్లు డయాలసిస్ అవసరమైంది, ఇప్పుడు లేకుండానే నడుస్తోంది, క్రియాటినిన్ 3.1. వీపు మీద కొత్త చర్మం లేత రంగులో ఉంది. కళ్లలో చుక్కలు వేస్తున్నాం, పరీక్షకు మళ్లీ వెళ్లాలి. ఆసుపత్రివాళ్లు అల్లోప్యూరినాల్ పేరు రాసిన కార్డు ఇచ్చారు, అది ఎప్పుడూ జేబులో ఉంచుకోమన్నారు.

ఒక సందేహం మిగిలింది. మా బాబాయి, అంటే నాన్నగారి సొంత తమ్ముడు, కీళ్లవాతానికి ఇదే మాత్ర రెండేళ్లుగా వాడుతున్నారు. నాన్న సంగతి చూసి మాత్రలన్నీ బయట పారేశారు. మా అత్తకు, అంటే నాన్నగారి తోబుట్టువుకు కూడా కిడ్నీ జబ్బు ఉంది, ఆమె ఇంకా ఏమీ వాడటం లేదు. ఏమి చేయాలి?


విజయనగరం_చర్మవైద్యురాలు
శనివారం, రాత్రి 8:10

నాన్నగారు ఇంటికి చేరినందుకు ఎంతో సంతోషం బాబూ.

బాబాయిగారి విషయం వేరు. ఈ ప్రమాదం దాదాపు అంతా మాత్ర మొదలుపెట్టిన తొలి రెండు నెలల్లోనే ఉంటుంది. రెండేళ్లుగా ఇబ్బంది లేకుండా వాడుతున్నవారు భయంతో ఆపితే కీళ్లవాతం తిరగబెడుతుంది. కానీ ఇప్పటికే ఆపేసి ఎన్నో రోజులైతే, తిరిగి మొదలుపెట్టే ముందు తప్పనిసరిగా డాక్టరును కలవాలి, అన్నగారికి జరిగింది చెప్పాలి. అత్తగారు రక్తసంబంధి, అదీ కిడ్నీ జబ్బుతో. ఆమెకు అల్లోప్యూరినాల్ మొదలుపెట్టకపోవడమే మంచిది. నిజంగా యూరిక్ యాసిడ్ తగ్గించవలసిన అవసరం వస్తే ఫెబుక్సోస్టాట్ లాంటి మందు ఉంది, గుండె జబ్బు ఉందో లేదో చూసి ఇస్తారు. బి 5801 జన్యు పరీక్ష చేయించవచ్చా అని పలాస కిడ్నీ ఆసుపత్రిలో కానీ విశాఖలో కానీ అడగండి. మీకూ, మీ తోబుట్టువులకూ ఇదే వర్తిస్తుంది. నాన్నగారి కార్డును ఫోనులో ఫొటో తీసి అందరి దగ్గరా ఉంచండి.


పలాస_ఫార్మసిస్ట్
శనివారం, రాత్రి 8:45

సోంపేట తమ్ముడూ, ఫిర్యాదు ఫారం నేను నింపిపెడతాను. మాత్రల స్ట్రిప్పు మీద బ్యాచ్ నంబరు, వాడటం మొదలుపెట్టిన తేదీ, జ్వరం వచ్చిన తేదీ ఉంటే చాలు. డిశ్చార్జ్ కాగితాలు తీసుకుని సోమవారం షాపుకు రా.